దుబాయ్ ఫ్లాటు వద్దనుకున్నాక చేతికి వచ్చేదెంత?

ఒక లెక్కతో మొదలుపెడదాం. దుబాయ్‌లో కడుతున్న ఫ్లాటు ధర 15 లక్షల దిర్హమ్‌లు. అందులో 20 శాతం, అంటే 3 లక్షల దిర్హమ్‌లు కట్టేశారు. దిర్హమ్‌ను 23 రూపాయలుగా వేసుకున్నా అది 69 లక్షలు. నిర్మాణం 30 శాతం దాకా వచ్చింది. ఈలోగా ఉద్యోగం పోయింది, లేదా ఇంట్లో పెద్ద ఖర్చు వచ్చి పడింది, లేదా నిదానంగా ఆలోచిస్తే ఈ కొనుగోలు మనకెందుకనిపించింది. ఇప్పుడు వద్దంటే ఎంత తిరిగి వస్తుంది?

హైదరాబాద్‌లో ఎవరిని అడిగినా "పది శాతం పట్టుకుని మిగతాది ఇచ్చేస్తారు" అంటారు. దుబాయ్ చట్టం ప్రకారం బిల్డరు తనకున్న హక్కును పూర్తిగా వాడుకుంటే మీకు వచ్చేది సున్నా. ఇందులో మోసం ఉండాల్సిన అవసరం లేదు. అంతా చట్టబద్ధంగా జరిగినా ఆ 69 లక్షలు పోతాయి. కొనేవాళ్లలో చాలామంది ఈ సంగతి డబ్బు కట్టాక తెలుసుకుంటున్నారు. అందుకే ఈ వ్యాసం.

దుబాయ్‌లో ఆస్తి కొనే విదేశీయుల్లో భారతీయులు ఏటా ముందు వరుసలోనే ఉంటున్నారు. శని, ఆదివారాల్లో ఇక్కడి స్టార్ హోటళ్లలో ప్రాపర్టీ ఎక్స్‌పోలు పెట్టి, నెలకు ఒక్క శాతం వాయిదా చాలని, 20 లక్షల దిర్హమ్‌ల ఆస్తి కొంటే గోల్డెన్ వీసాకు అర్హత వస్తుందని, అద్దె మీద ఆదాయపు పన్ను లేదని చెబుతారు. వీటిలో అబద్ధం లేకపోవచ్చు. ఆదాయపు పన్ను మాటే తీసుకుంటే, అది అక్కడి సంగతి. ఇక్కడ నివాసముంటున్నవారు ఆ అద్దెను మన రిటర్న్‌లో చూపాల్సిందే. అయితే ఆ బ్రోషర్లలో దేనిలోనూ కనబడని పేజీ ఒకటుంది: మధ్యలో మానుకుంటే ఏమవుతుందనేది.

చట్టం ఏం చెబుతోంది

దుబాయ్‌లో నిర్మాణం పూర్తికాని (ఆఫ్-ప్లాన్) ఫ్లాట్ల అమ్మకాన్ని నడిపేది 2008 నాటి 13వ నంబరు చట్టం. 2009లో, 2017లో, 2020లో దాన్ని సవరించారు. అందులోని ఆర్టికల్ 11, కొనుగోలుదారు ఒప్పందం తప్పితే బిల్డరు ఏం చేయవచ్చో చెబుతుంది. బిల్డరు ముందుగా దుబాయ్ ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు తెలపాలి. ఆ శాఖ కొనుగోలుదారుకు 30 రోజుల గడువుతో నోటీసు ఇస్తుంది, వీలైతే రాజీకి ప్రయత్నిస్తుంది. రాజీ కుదరకపోతే, నిర్మాణం ఎంత శాతం అయిందో ధ్రువీకరిస్తూ పత్రం ఇస్తుంది. ఆ శాతాన్ని బట్టే మీ డబ్బు భవితవ్యం తేలుతుంది.

నిర్మాణం మొదలై 60 శాతం లోపు ఉంటే, బిల్డరు ఒప్పందం రద్దుచేసి ఫ్లాటు ధరలో 25 శాతం దాకా ఉంచుకోవచ్చు. 60 నుంచి 80 శాతం మధ్య ఉంటే ధరలో 40 శాతం దాకా ఉంచుకోవచ్చు. 80 శాతం దాటితే అతనికి ఇంకా దారులున్నాయి: ఒప్పందాన్ని అలాగే నిలబెట్టి మిగతా సొమ్ము కోసం వెంటపడవచ్చు, ఫ్లాటును వేలం వేయమని ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌ను కోరవచ్చు, లేదా రద్దుచేసి 40 శాతం దాకా ఉంచుకోవచ్చు. బిల్డరు చేతిలో లేని కారణాల వల్ల నిర్మాణం అసలు మొదలే కాకపోతే మాత్రం కట్టిన సొమ్ములో 30 శాతానికి మించి పట్టుకోకూడదు.

ఇక్కడ ఒక తేడాను గట్టిగా పట్టుకోవాలి. ఆఖరి సందర్భంలో కోత కట్టిన సొమ్ము మీద పడుతుంది. మిగతా అన్నిట్లో ఫ్లాటు మొత్తం ధర మీద పడుతుంది. మన ఉదాహరణలో 15 లక్షల్లో 25 శాతమంటే 3,75,000 దిర్హమ్‌లు. మీరు కట్టింది 3 లక్షలే. బిల్డరు ఉంచుకోగలిగే పరిమితి కంటే మీరు కట్టిందే తక్కువ కాబట్టి తిరిగి ఇవ్వాల్సింది ఏమీ మిగలదు. 30 శాతం కట్టి ఉంటే 75,000 దిర్హమ్‌లు వస్తాయి. నిర్మాణం 70 శాతానికి చేరాక, సగం ధర కట్టేసి మానుకుంటే, 7,50,000 కట్టినందుకు 1,50,000 చేతికొస్తాయి. అదీ వెంటనే రావాలని లేదు. రద్దయిన ఏడాదిలోపు, లేదా ఆ ఫ్లాటును ఇంకొకరికి అమ్మిన 60 రోజుల్లోపు, ఏది ముందైతే అప్పుడు ఇవ్వాలన్నది నియమం.

దీనికి రిజిస్ట్రేషన్ రుసుము కూడా కలపాలి. ధరలో 4 శాతం ల్యాండ్ డిపార్ట్‌మెంట్‌కు వెళ్తుంది; ఇక్కడ అది 60,000 దిర్హమ్‌లు. కొనుగోలుదారు తనంతట తాను తప్పుకుంటే ఇది సాధారణంగా వెనక్కి రాదు.

చట్టంలో ఉన్నవి గరిష్ఠ పరిమితులు. బిల్డరు అంతకంటే తక్కువ పట్టుకోవచ్చు, ఇంకో ఫ్లాటుకు మార్చవచ్చు, గడువు పెంచవచ్చు. మార్కెట్ జోరుగా ఉన్నప్పుడు, మీ ఫ్లాటును ఎక్కువ ధరకు అమ్ముకోగలిగినప్పుడు, అతను మెత్తబడతాడు. ధరలు పడిపోతున్నప్పుడు పట్టు బిగిస్తాడు. జనం ఎక్కువగా వెనక్కి తగ్గేది కూడా ధరలు పడినప్పుడే. 2008 చివర్లో మాంద్యం దుబాయ్‌ను తాకినప్పుడు ఏడాది తిరిగేలోగా ధరలు సగానికి అటూ ఇటూగా పడిపోయాయి, ఎన్నో ప్రాజెక్టులు ఆగిపోయాయి. రద్దయిన, ఆగిపోయిన ప్రాజెక్టుల తగాదాలు తేల్చడానికి 2013లో ఒక ప్రత్యేక న్యాయ కమిటీని, 2020లో ప్రత్యేక ట్రిబ్యునల్‌ను వేయాల్సి వచ్చింది. మాంద్యం వచ్చిన పన్నెండేళ్ల తర్వాత కూడా ఆ తగాదాల కోసం కొత్త వేదిక అవసరమైంది.

మన అలవాటు అక్కడ చెల్లదు

పది శాతమే పోతుందన్న నమ్మకానికి మన దేశంలో ఆధారం ఉంది. 2016 నాటి మన రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 13 ప్రకారం, అమ్మకపు ఒప్పందం రిజిస్టరు చేయకుండా ధరలో 10 శాతానికి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. గురుగ్రామ్ ఫ్లాటుకు సంబంధించిన ఒక కేసులో, 20 శాతం ఉంచుకుంటామన్న బిల్డరు షరతు ఏకపక్షమని తేల్చి, 10 శాతానికే పరిమితం చేయడాన్ని 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సమర్థించింది. ఇది మన కొనుగోలుదారుకు పెద్ద అండ.

కానీ అది మన దేశంలోని ప్రాజెక్టులకే అండ. దుబాయ్‌లోనూ 2007 నుంచి రెరా అనే సంస్థ ఉంది. హోటల్ హాలులో "మాది రెరా అప్రూవ్డ్" అన్నప్పుడు ఆ మాట నిజమే, అయితే అది దుబాయ్ రెరా. తెలంగాణ రెరాకో, ఆంధ్రప్రదేశ్ రెరాకో ఆ ప్రాజెక్టు మీద ఏ అధికారమూ లేదు. పది శాతం సూత్రాన్ని అక్కడికి మోసుకుపోలేం.

మనసు మార్చుకునే గడువు సంగతీ అంతే. ఫ్రాన్స్‌లో ఇల్లు కొనేవారికి ఒప్పందం అందాక 10 రోజుల్లో ఏ కారణం చెప్పకుండా తప్పుకునే హక్కు ఉంది. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో నిర్మాణంలో ఉన్న ఫ్లాటుకు 10 పనిదినాల గడువుంది. అప్పుడు తప్పుకుంటే ధరలో 0.25 శాతం మాత్రమే పోతుంది. దుబాయ్ ఆఫ్-ప్లాన్ చట్టంలో అలాంటి గడువు రాసిలేదు. ఒప్పందంలో బిల్డరు తనంతట తాను ఇస్తే తప్ప లేనట్టే.

"మీ డబ్బు ఎస్క్రో ఖాతాలో భద్రం" అన్న మాటను కూడా సరిగ్గా అర్థం చేసుకోవాలి. 2007 నాటి 8వ నంబరు చట్టం ప్రకారం కొనుగోలుదారుల సొమ్ము ఆ ప్రాజెక్టు పేరిట ఉన్న ఎస్క్రో ఖాతాలోకే పోవాలి, ఆ నిర్మాణానికే ఖర్చు కావాలి, బిల్డరు అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయలేరు. ఇది మంచి చట్టం. బిల్డరు మీ డబ్బును వేరే దారి పట్టించకుండా ఇది కాపాడుతుంది. మీరు మానుకుంటే తిరిగి ఇప్పించే ఏర్పాటు మాత్రం అందులో లేదు.

ఏ దశలో ఉన్నారు?

డబ్బు తిరిగి రావడం మీరు ఏ కాగితం దాకా వెళ్లారన్నదాన్ని బట్టి ఉంటుంది.

మొదటి దశలో ఆసక్తి తెలుపుతూ ఇచ్చే చిన్న మొత్తం ఉంటుంది. ఎక్స్‌ప్రెషన్ ఆఫ్ ఇంటరెస్ట్ అనే ఫారం మీద తీసుకుంటారు. చాలా ఫారాల్లో ఇది తిరిగి ఇస్తామనే ఉంటుంది. ఫ్లాటు నంబరు కేటాయించేలోపు వద్దని మెయిల్ రాస్తే వచ్చే అవకాశం బాగా ఉంటుంది. ఫోన్లో చెప్పిన మాటకు విలువ లేదు.

రెండో దశలో బుకింగ్ ఫారం మీద సంతకం చేసి, 5 నుంచి 20 శాతం దాకా కడతారు. పెద్ద ఒప్పందం ఇంకా రాలేదు కదా అని చాలామంది ధీమాగా ఉంటారు. కానీ ఆ ఒకటి రెండు పేజీల ఫారంలోనే "ఫలానా గడువులో ఒప్పందం మీద సంతకం చేయకపోతే కట్టిన సొమ్ము జప్తు" అనే వాక్యం ఉంటుంది. బేరమాడటానికి ఇంకా చోటున్న ఆఖరి దశ ఇదే.

మూడో దశలో ఎస్‌పీఏ అనే అమ్మకపు ఒప్పందం మీద సంతకాలై, ఫ్లాటు మీ పేరిట ల్యాండ్ డిపార్ట్‌మెంట్ వారి తాత్కాలిక రిజిస్టరులోకి ఎక్కుతుంది. దీన్ని ఉకూద్ అంటారు. ఇక్కడి నుంచి ఆర్టికల్ 11 లెక్కలే. అయితే ఈ రిజిస్ట్రేషన్ మీకూ ఆయుధమే. నమోదు కాని ఆఫ్-ప్లాన్ అమ్మకం చెల్లదని అదే చట్టంలోని ఆర్టికల్ 3 చెబుతోంది. నెలలు గడిచినా మీకు ఉకూద్ పత్రం రాకపోతే ఎందుకు రాలేదో రాతపూర్వకంగా అడగాలి.

కట్టి ఉన్న ఫ్లాటును ఇంకొకరి నుంచి కొంటుంటే పద్ధతి వేరు. ఫారం ఎఫ్ అనే ప్రామాణిక ఒప్పందం మీద సంతకం చేస్తారు, ధరలో 10 శాతానికి చెక్కు ఇస్తారు, అది సాధారణంగా బ్రోకరు దగ్గర ఉంటుంది. కారణం లేకుండా కొనేవారు తప్పుకుంటే ఆ మొత్తం అమ్మేవారికి పోతుంది. బ్యాంకు రుణం రాకపోతే తిరిగి ఇవ్వాలన్న షరతు కావాలంటే సంతకానికి ముందే రాయించుకోవాలి. రుణం రాలేదని తర్వాత మొరపెట్టుకుంటే వినేవారుండరు.

డబ్బు వెళ్లిన దారిలోనే తిరిగి రావాలి

రిఫండ్ కేసుల్లో మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడ. నివాస భారతీయులు విదేశంలో ఇల్లు కొనడానికి రిజర్వు బ్యాంకు వారి లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. దిర్హమ్‌ల్లో అది సుమారు 9 లక్షల 18 వేలు. 15 లక్షల ఫ్లాటును ఒక్కరి పరిమితితో ఒకే ఏడాదిలో కొనలేం. వాయిదాల పట్టిక చూడకుండా సంతకం చేసినవారు, మార్చిలోపు పరిమితి అయిపోయి వాయిదా తప్పితే, డబ్బు చేతిలో ఉండి కూడా ఎగవేతదారు అవుతారు. అప్పుడు ఆర్టికల్ 11 నోటీసు వస్తుంది.

ఈ బాదరబందీ ఎందుకని కొందరు ఏజెంట్లు దగ్గరి దారులు చూపిస్తారు. ఇక్కడ నగదు ఇస్తే అక్కడ జమ చేస్తామంటారు, లేదా క్రెడిట్ కార్డు గీకమంటారు. విదేశీ ఆస్తి కొనుగోలు విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం (ఫెమా) ప్రకారం మూలధన లావాదేవీ. అది బ్యాంకు ద్వారా, ఏ2 ఫారంతో, ప్రయోజనం రాసి వెళ్లాలి. హవాలాలో వెళ్లిన సొమ్ముకు రసీదు ఉండదు. రసీదు లేని సొమ్మును దుబాయ్ కోర్టులో అడగలేరు, ఇక్కడ అడిగితే మీ తప్పును మీరే ఒప్పుకున్నట్టవుతుంది. ఫెమా సెక్షన్ 13 కింద జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా ఉండవచ్చు. ఈ భయంతోనే చాలామంది న్యాయంగా రావాల్సిన రిఫండ్‌ను కూడా అడగకుండా వదులుకుంటారు. అలా వదులుకుంటారని ఆ దారి చూపించినవారికి తెలుసు.

సరైన దారిలో పంపినవారికీ కొన్ని బాధ్యతలుంటాయి. 2025 ఏప్రిల్ నుంచి ఏడాదికి 10 లక్షలు దాటిన ఇలాంటి చెల్లింపుల మీద 20 శాతం టీసీఎస్ (మూలం వద్దే వసూలు చేసే పన్ను) వసూలవుతోంది. మన 69 లక్షలకు అది 11 లక్షల 80 వేలు. కొనుగోలు రద్దయినా బ్యాంకు దాన్ని తిరిగివ్వదు. ఆదాయపు పన్ను రిటర్న్‌లోనే సర్దుబాటు చేసుకోవాలి. దుబాయ్ నుంచి తిరిగి వచ్చిన సొమ్మును, నిబంధనలు అనుమతించే పెట్టుబడిలో మళ్లీ పెట్టకపోతే, 180 రోజుల్లోపు ఇండియాకు తేవాలి. "అక్కడే ఉంచండి, ఇంకో ప్రాజెక్టు వచ్చినప్పుడు చూద్దాం" అన్న సలహా వింటే ఈ గడువు దాటిపోతుంది. విదేశీ ఆస్తుల వివరాలు రిటర్న్‌లోని షెడ్యూల్ ఎఫ్ఏలో చూపాలి. చూపనందుకు నల్లధన నిరోధక చట్టం కింద 10 లక్షల జరిమానా ఉంది.

వాయిదాలు ఆపేసి ఊరుకుంటే?

"పోయింది పోయింది, ఇక కట్టను, అక్కడికి వెళ్లను" అనుకునేవారున్నారు. ఇది కూడా అంత తేలిక కాదు. యూఏఈని మన ప్రభుత్వం 2020 జనవరిలో సివిల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 44ఏ కింద గుర్తించింది. దుబాయ్ కోర్టు ఇచ్చిన డబ్బు డిక్రీని ఇప్పుడు మన జిల్లా కోర్టులోనే అమలుకు పెట్టవచ్చు. ముందు తేదీలతో చెక్కులిచ్చి ఉంటే అది ఇంకో చిక్కు. 2022 జనవరి నుంచి అక్కడ నిధుల్లేక చెక్కు తిరిగి రావడం చాలా సందర్భాల్లో నేరం కాకుండా పోయింది. దాని బదులు ఆ చెక్కుతో నేరుగా కోర్టు అమలు విభాగానికి వెళ్లే హక్కు వచ్చింది. అమలు కేసులో ప్రయాణ నిషేధం కోరే వీలుంది. అక్కడే ఉద్యోగం చేసుకుంటున్న కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాలవారికి దాని అర్థం వివరించక్కర్లేదు.

పూర్తి సొమ్ము అడగగలిగే సందర్భాలు

తప్పు బిల్డరుదైతే కథ మారుతుంది. ప్రాజెక్టును దుబాయ్ రెరా రద్దుచేస్తే కొనుగోలుదారులు కట్టిందంతా తిరిగి ఇవ్వాలి. 2008 నాటి 13వ నంబరు చట్టానికి 2010లో వచ్చిన అమలు నిబంధనలు కోర్టును ఆశ్రయించి ఒప్పందం రద్దు కోరగల కారణాలను చెబుతాయి: తుది ఒప్పందం ఇవ్వకపోవడం, వాయిదాలను నిర్మాణ దశలతో ముడిపెట్టడానికి నిరాకరించడం, ఒప్పుకున్న నమూనాను ముఖ్యమైన విషయాల్లో మార్చేయడం, కట్టి ఇచ్చిన ఫ్లాటు నిర్మాణ లోపాల వల్ల వాడుకోవడానికి పనికిరాకపోవడం వంటివి. ఆర్టికల్ 11 అధికారాన్ని బిల్డరు దుర్వినియోగం చేస్తే కోర్టుకో, ఆర్బిట్రేషన్‌కో వెళ్లే హక్కు కూడా కొనుగోలుదారుకు ఉంది.

ఇక్కడి ఏజెంటు తప్పుడు హామీ ఇచ్చాడనడానికి మెయిలో, వాట్సాప్ సందేశమో, కరపత్రమో ఉంటే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివాసముండే చోటే ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు. దీనితో ఏజెంటును నిలదీయగలరు. దుబాయ్ ఎస్క్రో ఖాతాలోని సొమ్ము మాత్రం ఇక్కడి ఆదేశంతో కదలదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు చేయాల్సింది

మొదటిది, వాయిదా తప్పకముందే కదలండి. ఎగవేత నమోదయ్యాక మీ బలం సగం పోతుంది. బుకింగ్ ఫారం, ఎస్‌పీఏ, ఉకూద్ పత్రం, బ్యాంకు స్విఫ్ట్ కాపీలు ఒకచోట పెట్టండి. దుబాయ్ రెస్ట్ అనే ప్రభుత్వ యాప్‌లో ప్రాజెక్టు పరిస్థితి, నిర్మాణ శాతం చూడండి. బిల్డరు చెప్పే శాతాన్ని నమ్మకండి. నిర్మాణం 60 శాతానికి దగ్గరపడుతుంటే ప్రతి నెలా విలువైనదే, ఎందుకంటే ఆ గీత దాటగానే కోత 25 నుంచి 40 శాతానికి పెరుగుతుంది.

రెండోది, రద్దు కంటే అమ్మకమే మేలా అని చూడండి. ధరలో 30, 40 శాతం కట్టినవారికి చాలామంది బిల్డర్లు ఒప్పందాన్ని ఇంకొకరికి బదిలీ చేయడానికి అభ్యంతరం లేదన్న పత్రం (ఎన్‌ఓసీ) ఇస్తారు. కొంత నష్టానికి అమ్ముకున్నా ఆర్టికల్ 11 కోత కంటే అది తక్కువే కావచ్చు.

మూడోది, బిల్డరుతో ఏ రాజీ అయినా కాగితం మీద, తేదీతో, మొత్తంతో ఉండాలి. సొమ్ము మీరు పంపిన బ్యాంకు ఖాతాకే రావాలని రాయించండి. కోర్టుకు వెళ్లాల్సి వస్తే విచారణ అరబిక్‌లో ఉంటుంది. దుబాయ్‌లో అనుమతి ఉన్న న్యాయవాది, ధ్రువీకరించిన అనువాదాలు, ఇక్కడ నోటరీ చేయించి, విదేశాంగ శాఖ, యూఏఈ కార్యాలయం ధ్రువీకరించిన పవర్ ఆఫ్ అటార్నీ కావాలి. ఆ ఖర్చు లెక్కవేశాక, రావాల్సిన సొమ్ము దానికి తగునో లేదో నిర్ణయించుకోండి. "మీ రిఫండ్ ఇప్పిస్తాం, ముందు రుసుము కట్టండి" అని తమంతట తాము ఫోన్ చేసేవారిని దగ్గరికి రానీయకండి.

ఇక సంతకం చేయబోయేవారికి ఒక్క మాట. ప్రకటన మీద అనుమతి నంబరు, బ్రోకరు కార్డు, ప్రాజెక్టు పేరిట ఎస్క్రో ఖాతా సరిచూసుకోండి. ఏజెంటు ఖాతాలోకి ఒక్క రూపాయి కూడా వేయకండి. ఆపైన ఈ ప్రశ్నను మెయిల్‌లో అడగండి: "నేను ఈ రోజు, ఆరు నెలల తర్వాత, ఏడాది తర్వాత మానుకుంటే ఎంత తిరిగి ఇస్తారు? అంకెల్లో రాసి ఇవ్వండి." రాసిస్తే, ఆ అంకెను భరించగలరో లేదో ఇంట్లో అందరూ కూర్చుని ఆలోచించండి. రాసివ్వకపోతే, ఆ అడ్వాన్సు తిరిగి రాదనే లెక్కవేసుకుని, పోయినా తట్టుకోగలిగితేనే కట్టండి.